పుట్ట దవాఖానా గోడమీద నా తప్పు

నేను హైస్కూల్లో డ్రాయింగు మేష్టర్ని. మాది తెనాలి. నల్లబల్ల మీద మామిడికాయ గీసి, దానికి ముక్కూ కన్నూ పెట్టి చిలకని చెయ్యడం నా విద్య. ఆ ఒక్క విద్యతోనే ఇన్నేళ్ళుగా జీతం తీసుకుంటున్నాను. కాబట్టి నన్ను పోషించింది మామిడికాయే. నలుగురిలో నా పరువు తీసిందీ మామిడికాయే. నలుగురు అంటే మాటవరసకి అనుకునేరు. ఒక గూడెం మొత్తం.

వెళ్ళింది ఒకాయన కట్టిన కట్టడాలు చూడ్డానికి. ఆయన పేరు ఇక్కడ రాయను. తను కట్టిన దేనిమీదా పేరు చెక్కనివ్వని మనిషి పేరు నేను అచ్చువేయించడం బాగుండదు. ఆయన పెద్ద చదువు చదివి, పట్నంలో పెద్ద పెద్ద భవనాలకి ప్లాన్లు గీస్తూ గీస్తూ, ఒకరోజు అన్నీ చుట్టచుట్టి అటకమీద పడేసి ఖమ్మం అడవుల్లోకి వచ్చేశాడట. ఆకు మీద నీళ్ళు ఎటు జారతాయో చూసి ఇంటికప్పు వేసేవాడు. చెదలు పుట్టలో వేడి ఎలా పైకి పోతుందో చూసి గోడలు లేపేవాడు. ఆయన పోయి కొన్నేళ్ళయింది. కట్టినవి కూడా వేళ్ళమీద లెక్కే. అయినా ఇప్పటికీ ఎక్కడెక్కడి నుంచో మనుషులు వెతుక్కుంటూ వెళ్ళి చూసొస్తారు.

ఒక వారపత్రికలో ఆయన కట్టిన దవాఖానా ఫొటో వచ్చింది. నలుపు తెలుపు ఫొటో. పెద్ద పుట్ట, మధ్యలో చెట్టు. దాన్ని కత్తిరించి ఇంట్లో గోడకి అంటించుకున్నాను. ఆ గోడ పైన మొన్నే లోను పెట్టి వేయించిన స్లాబు ఉంది. ఏప్రిల్లో ఆ స్లాబు కింద కూర్చుంటే అట్ల పెనం కింద కూర్చున్నట్టే ఉంటుంది. ఒకరోజు మధ్యాహ్నం చెమట తుడుచుకుంటూ ఆ ఫొటోకేసి చూసి, "నేను వెళ్ళొస్తాను" అన్నాను.

"ఎక్కడికి?" అంది మా ఆవిడ.

"పుట్టలోకి."

"పాలు పట్టుకెళ్ళండి" అంది.

ఖమ్మం: విస్తరాకు కింద

ఖమ్మంలో రైలు దిగి రిక్షా అతనితో, "ఇక్కడ ఆకులాంటి లైబ్రరీ ఉందిట..." అని నసిగాను.

"విస్తరాకు లైబ్రరా? గట్ల చెప్పుండ్రి మరి! ఎక్కుండ్రి."

నిజంగా మోదుగాకే. నడుమన ఈనెలాగా దూలం, అటూ ఇటూ సన్న ఈనెల్లాగా వాసాలు, కొస దగ్గర కాస్త వంపు, ఆ వంపు కింద నీళ్ళు పడే రాతి తొట్టి. లోపలికి వెళ్తే బయటి ఎండ ఎవరో గుమ్మం దగ్గర ఆపేసినట్టుంది. బల్ల దగ్గర ఒక పెద్దాయన పేపరు మొహం మీద కప్పుకుని ఉన్నాడు. నా చెప్పుల చప్పుడుకి పేపరు దించాడు.

"మీరెంత అదృష్టవంతులండీ, రోజూ ఇలాంటి చోట చదువుకుంటారు" అన్నాను.

"అవ్ సారూ. మా ఇంట్ల రేకులు. గీడ సల్లగుంటది. అందుకె పేపర్ సదువుడు అలవాటైంది."

"ఏముంది పేపర్లో?"

"ఇంకా సూడలే" అని మళ్ళీ కప్పుకున్నాడు.

నాకక్కడ ఒక కోరిక పుట్టింది. ఆకు మీద నీళ్ళు ఎలా జారతాయో చూడాలి కదా, అందుకే కదా వచ్చింది! అటెండరుని పిలిచి, ఒక బిందెడు నీళ్ళు కప్పుమీద పోయించగలవా అని అడిగాను. కావాలంటే చాయ్ తాగిస్తానని కూడా అన్నాను. అతను నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వీధిలోకి చూపించాడు. కుళాయి దగ్గర బిందెలు వరసలో ఉన్నాయి. బిందెల వెనక ఆడవాళ్ళు, కుళాయి మాత్రం ఎండిపోయి ఉంది.

"సారూ, గది జారుడు సూడాలంటే శ్రావణంల రావాలె. గీ ఎండల నీళ్ళు గొంతులకే జారుతలేవు."

మెల్లగానే అన్నాడు. నేను ఆ రాతి తొట్టిలోకి చూస్తూ నిలబడ్డాను. అందులో ఒక ఎండుటాకు ఉంది. ఈ యాత్రలో నేను మొదట తలదించుకున్నది అక్కడే. అది మంచి ఆరంభమని అప్పుడు తెలీదు.

కుసుమంచి వెళ్ళి పాత గుడి చూసి రమ్మని అందరూ చెప్పారు. రాయి నిలబడటంలో వింతేముంది, నేను మట్టి నిలబడటం చూడ్డానికొచ్చాను అని గొప్పగా జవాబు చెప్పి బస్సెక్కాను.

ఏన్కూరు మీదుగా

బస్సులో పక్కన కూర్చున్నాయన మిరపతోట రైతు. మా వైపు మనిషే. వాళ్ళ నాన్న పొన్నూరు దగ్గర ఉన్న కాస్తా అమ్ముకుని ఇటొచ్చి, అదే డబ్బుతో నాలుగింతల భూమి కొన్నాడట. ఆయన మాట ఒక కాలు అక్కడా ఒక కాలు ఇక్కడా వేసి నడుస్తోంది. "మా నాయన మొదలొచ్చిండండీ, తర్వాత మేమంతా వచ్చేశాం" అన్నాడు. ఒక్క వాక్యంలో కృష్ణ దాటి గోదావరి దగ్గరకొచ్చినట్టు అనిపించింది.

నేను ఎక్కడికి వెళ్తున్నానో చెప్పగానే నవ్వాడు.

"ఆయనా! మా ఊరు కూడా వచ్చిండు మేష్టారూ. మట్టితో బడి కడతానన్నాడు, ఉచితంగా. మేం వద్దన్నాం."

"అయ్యో, ఎందుకండీ?"

"మట్టింట్లోంచి బయట పడదామనే గదండీ ఇంతదూరం వచ్చాం. మళ్ళీ మట్టిలోకేనా?"

నేను కిటికీలోంచి మిరప కళ్ళాలు చూశాను. ఏన్కూరులో బస్సు ఆగింది. మండలాలు కొత్తగా వచ్చాయి కదా, ఆఫీసు బోర్డు రంగు ఇంకా ఆరినట్టు లేదు. ఆ ఆఫీసు మాత్రం స్లాబే. రైతు దిగిపోతూ ఒక గుప్పెడు మిరపకాయలు కాగితంలో చుట్టి ఇచ్చాడు. "అడవిలో కూర చప్పగా ఉంటే కొరుక్కోండి" అన్నాడు. కొరకడంలో నాకు ఎవరి సలహా అక్కర్లేదని ఆయనకి తెలీదు పాపం.

కొత్తగూడెం: బాయి గొడుగు

కొత్తగూడెం స్టేషను పేరు భద్రాచలం రోడ్డు. రాముణ్ణి చూద్దామని రైలెక్కినవాళ్ళు ఇక్కడ దిగి గుడిగోపురం కోసం నాలుగు దిక్కులూ చూస్తారట. రాముడు గోదావరి అవతల, స్టేషను బొగ్గు పక్కన. నేను బస్సులో వచ్చాను గనక ఆ మోసం నాకు తప్పింది. నన్ను నేనే మోసం చేసుకునే అవకాశం ముందుంది.

ఇక్కడ ఆయన కట్టింది చిన్న షెడ్డు. బాయి దిగేవాళ్ళు, అంటే బొగ్గుగనిలో పనిచేసేవాళ్ళు, షిఫ్టు బస్సు కోసం నిలబడేది. పుట్టగొడుగు ఆకారం, ఒకే కాండం, చుట్టూ అరుగు. గొడుగు నడినెత్తిన పెద్ద రంధ్రం. వాన వస్తే తడవరా, ఇంత పెద్దాయన ఈ మాత్రం ఆలోచించలేదా అని అరుగుమీద కూర్చున్న కార్మికుణ్ణి అడిగాను. కళ్ళ చుట్టూ కాటుకలాగా బొగ్గు మిగిలి ఉందతనికి.

"కట్టినప్పుడు మమ్మల్నే అడిగిండంట సారూ, ఏం కావాలె అని. బాయిల ఉన్నంతసేపు నెత్తి మీద కప్పే గద. పైకొచ్చినంక మల్లా కప్పేంది? మెడ ఎత్తితె ఆకాశం కనబడాలె అన్నరంట మా పెద్దోళ్ళు. పెట్టిండు."

"వాన వస్తే?"

"పక్కకు జరుగుతం."

అతను తన చాయ్ సాసర్లో సగం పోసి నాకిచ్చాడు. మా ఊళ్ళో అయితే ఇంకో కప్పు చెప్తారు, మొహమాటపడతారు, డబ్బులు నేనిస్తానంటే నేనని కుస్తీ పడతారు. ఇక్కడ సగం పోసి ఊరుకున్నారు. తాగి మెడ ఎత్తి చూశాను. ఎండ కంట్లో పడి తుమ్మొచ్చింది. చాయ్ చొక్కామీద ఒలికింది. ఆ మరకతోనే భద్రాచలం చేరాను.

భద్రాచలం: అడ్డాకులో అన్నం

కళ్యాణం అయిపోయి కొన్నాళ్ళయింది. పందిళ్ళ వెదుళ్ళు విప్పుతున్నారు. మెట్ల సందుల్లో పసుపు తలంబ్రాలు ఇంకా మిగిలి ఉన్నాయి, పిచ్చుకలు ఏరుకుంటున్నాయి. మా వైపు అరిటాకులో తింటాం. ఇక్కడ అడవిలో దొరికే అడ్డాకు కుట్టిన విస్తట్లో పెడతారు. వేడన్నం పడగానే ఆ ఆకు నుంచి ఒక పచ్చి వాసన లేస్తుంది. ఆ వాసనకే ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాను. వడ్డించే ఆవిడ, "సారుకు అడ్డాకు అచ్చొచ్చింది" అంది. అడ్డూ ఆపూ లేకుండా తింటున్నానని మర్యాదగా చెప్పిందేమో.

గుళ్ళో దండం పెట్టుకుని, "స్వామీ, ఆ దవాఖానా నిలిచి ఉండాలి" అని కోరుకున్నాను. అప్పటికే ఊళ్ళో విన్నాను, దాన్ని కూల్చి కొత్తది కట్టే ఆలోచన ఉందని. మర్నాడు తెల్లారే జీపెక్కాను. జీపులో కోళ్ళు, కిరసనాయిలు డబ్బాలు, వాటిమధ్య మనుషులు. కిరాయి తీసుకున్న డ్రైవరు నాకు సీటుకి బదులు ఒక కోడిని ఒళ్ళో పెట్టాడు.

గూడెం: పుట్ట

ఆ గూడెం పేరు కూడా రాయను. చదివి మీరూ వెళ్తారు, వెళ్ళి కాయలు కోస్తారు.

ఫొటోలో చూసింది ఏమీ కాదు. పుట్ట అంటే పుట్టే. ఎర్రమట్టి గోడలు మనిషెత్తుకి రెండింతలు లేచి, పైన గుండ్రంగా ముడుచుకుని, వాటిమీద గడ్డి టోపీ. గోడ అడుగున చిన్న చిన్న కన్నాలు, పైన ఒక పెద్ద నోరు. కింద చల్లగాలి పీల్చి పైనుంచి వేడి వదిలేస్తుంది. చెయ్యి కన్నం దగ్గర పెడితే ఊపిరి తగిలింది. మూడు గదులూ ఒక మామిడిచెట్టు చుట్టూ వంపు తిరిగి ఉన్నాయి. చెట్టుకోసం గోడ పక్కకి జరిగింది. ఎక్కడా ఒక మూల లేదు. నేను రోజూ పిల్లలచేత స్కేలు పెట్టి గీతలు గీయిస్తాను. ఇక్కడ స్కేలుకి పనే లేదు.

గోడమీద రంగులు చూసి ఇంకా మురిసిపోయాను. ఒకచోట ఎరుపు, ఒకచోట గోధుమ, ఇంకోచోట పసుపు కలిసిన మన్ను. చేటంత చేటంత అతుకులు. ఫొటోలో ఇది కనపడలేదే! "ఆహా, ఏం వర్ణ సమ్మేళనం" అని పైకే అన్నాను.

"ఏంది సారూ?" అంటూ ఒక ముసలామె బయటికొచ్చింది. పేరు ముత్తమ్మ. ఆ దవాఖానాలో ఆయా, అంతకుముందు నుంచీ ఆ గూడానికి మంత్రసాని. కోయవాళ్ళ మనిషి. తనవాళ్ళతో కోయలో, నాతో తెలుగులో మాట్లాడేది.

"ఈ గోడకి రంగులు భలే కుదిరాయమ్మా."

ఆమె గోడకేసీ నాకేసీ చూసి, "కుదిరినయి" అని ఊరుకుంది. నవ్వు ఆపుకుందని ఇప్పుడు తెలుస్తోంది.

నన్ను లోపల కూర్చోబెట్టి జొన్న అంబలి, చింతచిగురు కూర పెట్టింది. కాన్పు గది చూపించింది. "గూడెంల సగం మంది గీ చేతులల్లనే పడ్డరు సారూ. ఎండాకాలం కాన్పయితె తల్లీ పిల్లా గీడనే ఉంటమని ఏడుస్తరు, ఇంటికి పొమ్మంటె."

కూల్చేస్తారని విన్నాను, నిజమేనా అని అడిగాను.

"ఇయ్యాల మాట తెంపుతరు. సర్కారోళ్ళు స్లాబు బిల్డింగు ఇస్తమంటున్నరు. ఇదే జాగల గావాలంట, చెట్టు గొట్టి. వయసు పిల్లలు సరే అంటున్నరు. ఇయ్యాల మాకు మామిడి పండుగ. పొద్దు దిగకముందె అందరం కూసుంటం. మీరు సదువుకున్నోళ్ళు, ఇంత దూరం నుంచొచ్చిన్రు. మీరూ రెండు మాటలు చెప్పుండ్రి."

నా గుండె పొంగింది. ఇన్నాళ్ళూ గోడకి అంటించుకున్న ఫొటోని కాపాడే భారం నాకప్పగించారు! అంబలి రెండోసారి అడిగి తాగాను.

మామిడికాయ

పిలుపు వచ్చేదాకా చెట్టు కింద కూర్చుని ఏం మాట్లాడాలో అనుకుంటున్నాను. కొమ్మలు చేతికందేంత కిందికి ఉన్నాయి, నిండా కాయలు. ఇన్ని కాయలున్న చెట్టు కింద ఒక్క టెంక కూడా పడి లేదేమిటని కూడా నాకు తోచలేదు. మా ఊళ్ళో ఎవరి చెట్టయినా సరే, చేతికందిన పిందె మనదే. ఉప్పూ కారం ఉంటే సరేసరి, లేకపోయినా సరే. నా జేబులో రైతిచ్చిన మిరపకాయలు ఉండనే ఉన్నాయి. ఆలోచన ఉపన్యాసం మీద, చెయ్యి కొమ్మ మీద. కోశాను, కొరికాను. పళ్ళు జివ్వుమన్నాయి. ఆ పులుపులోంచే నాకు ఒక గొప్ప పోలిక తట్టింది.

"సారూ, రావాలె" అని ముత్తమ్మ కేకేసింది.

గుమ్మం ముందు అందరూ కూర్చుని ఉన్నారు. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. మధ్యలో పెద్ద పూజారి, ఆయన ముందు కొత్త బుట్ట. బుట్టమీద ఆకులు కప్పి ఉన్నాయి. ఏముందా అని నేను చూడలేదు. నా దృష్టి నా వాక్యాల మీద ఉంది.

"పెద్దలారా" అన్నాను. "మనిషి కట్టే ఇల్లు ఎలా ఉండాలో చెట్టే చెప్తుంది. కాయకి తొక్క ఉంది. ఎండని ఆపుతుంది, లోపలి తడిని కాపాడుతుంది. మీ దవాఖానా గోడ కూడా అంతే. ఇదిగో, ఈ కాయని చూడండి!" అని చెయ్యి ఎత్తాను.

అందరూ చూశారు.

కొరికిన కాయ నా చేతిలో తెల్లగా మెరుస్తోంది. ఆడవాళ్ళలోంచి ఒకామె కోయలో ఏదో అంది. తర్వాత ఒక్కరూ మాట్లాడలేదు. ఉపన్యాసంలో అంత నిశ్శబ్దం వస్తే అది మెచ్చుకోలు అనుకోవడం మేష్టర్లకి అలవాటు. నేను ఇంకో వాక్యం కూడా మొదలుపెట్టాను.

"సారూ" అంది ముత్తమ్మ, చాలా మెల్లగా. "కొరికిన్రా?"

"కొరికాను" అన్నాను, ఇంకా ఉపన్యాసం గొంతుతోనే.

పూజారి బుట్టమీద ఆకు తీశాడు. లోపల కొత్త మామిడికాయలు. ఏటా మొదటి కాయ గూడెం దేవత అయిన తల్లికి పెట్టేదాకా గూడెంలో ఎవరూ కాయ ముట్టరు. గాలికి రాలినా తినరు, ఏరి పక్కన పెడతారు. పిందె వేసినప్పటినుంచీ పిల్లలూ పెద్దలూ ఆ చెట్టుకేసి చూస్తూ, ఇవాళ్టి కోసం ఆగారు. మా నాయనమ్మ కూడా ఉగాది పచ్చడి నోట్లో పడేదాకా మామిడికాయ ముట్టనిచ్చేది కాదు. ఆవిడతోపాటే ఆ నియమమూ మా ఇంట్లోంచి పోయింది. నాకు ఆ క్షణంలో నాయనమ్మ గుర్తొచ్చింది, ఏం లాభం.

"ముత్తమ్మా, గిందుకేనా ఈ సారును మాట్లాడమన్నవు?" అన్నాడొక యువకుడు లేచి. పేరు జోగయ్య. స్లాబు కావాలనేవాళ్ళలో ముందున్నవాడు. "గీ పుట్టను సూడనీకె గిట్లాంటోళ్ళు వస్తనే ఉంటరు. వాళ్ళకు సంబరం, మనకు తప్పులు."

నా వైపు తిరిగాడు. "కాయ సంగతి అట్లుంచుండ్రి. ఒకటడుగుత సారూ. మీ ఇల్లు దేనితోని కట్టుకున్నరు?"

అబద్ధం చెప్పే వీలుంది. తెనాలి అక్కడికి చాలా దూరం. కాని చేతిలో కాయ ఉంది.

"స్లాబు" అన్నాను.

"కరెంటు?"

"ఉంది."

"ఫ్రిజ్జు?"

"ఈమధ్యే కొన్నాం."

"మరి మాకు మట్టి మంచిదా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వులో కసి లేదు. అందుకే ఇంకా కష్టమైంది. జోగయ్య కూడా నన్ను దెప్పడానికి అడగలేదు. తన భార్యకి వానాకాలంలో కాన్పు. పసిపిల్లల టీకా మందులు భద్రాచలం నుంచి ఐసు డబ్బాలో వస్తాయి. దారిలో వాగు పొంగితే ఐసు కరుగుతుంది, మందు పాడవుతుంది. స్లాబు వేస్తేనే కరెంటు, కరెంటు ఉంటేనే ఫ్రిజ్జు ఇస్తామన్నారు. అతను అడిగేది ఆ ఫ్రిజ్జు. నేను కాపాడ్డానికొచ్చింది ఒక ఫొటో.

పూజారి తన మాట చెప్పాడు. తల్లికి పెట్టకముందే కొత్త కాయ ఎంగిలైంది కాబట్టి ఇవాళ పండుగ లేదు, వచ్చే వారం సంత దాటాకే పండుగ, అప్పటిదాకా ఎవరూ కాయ ముట్టకూడదు. ఎవరూ గొణగలేదు. ఆడవాళ్ళు వండి తెచ్చినవి కప్పి తీసుకుపోతున్నారు. ఒక తల్లి తన పిల్ల గుప్పిట విప్పి, అందులో దాచుకున్న కాయని తీసి బుట్టలో వేసింది. ఆ పిల్ల ఏడవలేదు. నాకేసి చూసింది అంతే. ఆ చూపు నాతోపాటు తెనాలి దాకా వచ్చింది.

"సారు తప్పు కట్టాలె" అన్నాడు పూజారి.

నా చెయ్యి జేబులోకి పోయింది.

"పైసలు గాదు సారూ" అంది ముత్తమ్మ. "రేపు పొద్దుగాల చెప్త."

పండుగ ఆగింది గాని దవాఖానా సంగతి ఆగలేదు. ముత్తమ్మ లేచింది. ఉపన్యాసం ఏమీ లేదు. "ఫ్రిజ్జుకు స్లాబు గావాలె. కాన్పుకు పుట్ట గావాలె. వాగు గట్టున నా చెలక ఉన్నది, ఒక రూము పడేంత జాగ ఇస్త. గాడ స్లాబు ఎయ్యమందాం. చెట్టు కాడికి రావద్దు" అని కూర్చుంది. పూజారి తలూపాడు. జోగయ్య కాసేపు నేలమీద పుల్లతో గీసి, "సర్కారోళ్ళు ఒప్పుకుంటె నాకు సరే" అన్నాడు. అంతే. నేను తాగిన రెండు చెంబుల అంబలి అరిగేలోపే మాట తెగిపోయింది.

ఆమె అంతకుముందే ఇంటింటికీ తిరిగి అందరితో మాట్లాడి ఉంచిందట. తర్వాత ఆమెనే అడిగాను, మరి నన్నెందుకు మాట్లాడమన్నావమ్మా అని.

"ఇంటికి సుట్టమొచ్చినప్పుడు ఒక మాట అడగాలె గద సారూ. అడగకపోతె చిన్నబుచ్చినట్టు."

తప్పు కట్టుడు

పొద్దున్నే గోడ దగ్గర పుట్టమన్ను కుప్ప పోసి ఉంది. పేడ, ఊక, నీళ్ళు పోసి కాళ్ళతో తొక్కాలి. పంచె ఎగ్గట్టి దిగాను. తోడుగా ఎవరొచ్చారనుకున్నారు, జోగయ్య! తప్పు చేసినవాణ్ణి ఒంటరిగా తొక్కనివ్వరట. ఎవరిచేత మాటపడ్డాడో వాళ్ళే తోడు తొక్కాలి. ఒకే మట్టిలో నాలుగు కాళ్ళు పడ్డాక కోపం ఎంతసేపుంటుంది? నేను రెండుసార్లు జారి అతని భుజం పట్టుకున్నాను.

"నాకు పుట్ట అంటె కోపం గాదు సారూ" అన్నాడు తొక్కుతూ. "నేను గీడనే పుట్టిన."

అప్పుడు తెలిసింది గోడమీది రంగుల సంగతి. ఆ గూడెంలో ఎవరు తప్పు చేసినా, పెద్దలు తేల్చాక, ఈ గోడకి ఒక అతుకు మెత్తాలి. ఎవరి చెలకలో, అంటే మెట్టచేలో, మన్ను వాళ్ళు తెచ్చుకుంటారు, అందుకే ఒక్కో రంగు. ముత్తమ్మ వేలు పెట్టి చూపిస్తూ పోయింది. ఇది పెండ్లాన్ని కొట్టినోడిది. ఇది పక్కోడి చేనుల పశువును తోలినోడిది. ఇది తాగొచ్చి పూజారిని తిట్టినోడిది. "గిది నాదే. ఒకపాలి నర్సు సిస్టరమ్మ మీద చాడీ చెప్పిన." నిన్న నేను వర్ణ సమ్మేళనం అన్నది వీటినే.

తలుపు పక్కన బాగా పాతబడిన అతుకొకటి ఉంది. ఏటా దానిమీదే మళ్ళీ మెత్తుతారట. "ఇది పుట్ట సారుది. ఇది కట్టేటప్పుడు వాసాలకని ఇప్పచెట్టు కొట్టించిండు. ఇప్పచెట్టు మేం కొట్టం గద. తప్పు కట్టుమన్నరు మా పెద్దోళ్ళు. ఆయనే అడిగిండంట, పైసలొద్దు, గోడ మెత్తుత అని. గప్పటి సంది గదే పద్ధతి."

ఎక్కడా పేరు చెక్కనివ్వని మనిషి పేరు అక్కడ ఉంది. శిలాఫలకం వద్దన్నాడు, మట్టిఫలకం తప్పలేదు. పుట్టని కట్టేది చెదలే, బాగుచేసేదీ చెదలే. మనుషులు ఏడాదికోసారైనా చెయ్యి వెయ్యాల్సిన గోడ కట్టి, ఆ చెయ్యి వేయించే దారి కూడా తన తప్పులోంచే వెతుక్కున్నాడు. ఎందుకు ఇంతమంది అది చూడ్డానికి వస్తారో, దాని దగ్గర నిలబడితే ఎందుకు కదలబుద్ధి కాదో నేను ఎన్నో వాక్యాలు తయారుచేసుకుని వెళ్ళాను. మట్టి చేతులతో అవేవీ గుర్తురాలేదు.

నా అతుకు చూడ్డానికి బాగాలేదు. డ్రాయింగు మేష్టర్ని కదా అని నున్నగా చెయ్యబోయాను. నున్నగా చేస్తే పగులుతుందని జోగయ్య మళ్ళీ గీకి గరుకు చేశాడు. మన్ను నాది కాదు, ముత్తమ్మ చెలకలోది. తెనాలి నుంచి తెచ్చుకునే వీలు లేదు కదా. అప్పు మన్నుతో తప్పు కట్టాను. "గిది డ్రాయింగు సారు తప్పు" అని ముత్తమ్మ నామకరణం చేసింది. జోగయ్య గట్టిగా నవ్వాడు.

"ఎన్నాళ్ళుంటుందమ్మా ఇది?" అన్నాను. తొందరగా పోతే బాగుండునని నా ఆశ. ఉండిపోతే బాగుండునని కూడా.

"రెండు వానలకు పోతది సారూ."

"పోతే ఎలా మరి, గోడ?"

"మల్ల ఎవడో ఒకడు తప్పు చెయ్యకుంట ఉంటడా?"

తెనాలి

ఇంటికొచ్చేసరికి ఆవకాయ హడావిడి. వరండా నిండా కాయలు, కత్తిపీట చప్పుడు, ఆవపిండి ఘాటు. పైన స్లాబు ఎప్పటిలాగే కాలుతోంది. మా ఇల్లు నేను తప్పులు ఎన్ని చేసినా ఒక్కటీ అడగదు. లోను వాయిదాలు కడితే చాలు దానికి.

మా ఆవిడ ఒక ముక్కకి ఉప్పూ కారం అద్ది నా నోటి దగ్గర పెట్టింది. "పులుపు చూసి చెప్పండి, కారం ఇంకాస్త పడుతుందేమో."

నేను నోరు తెరవలేదు. ఆ గూడెంలో సంత ఇంకా రాలేదు, పండుగ కాలేదు.

"ఏమయింది? పళ్ళు నొప్పా?"

"వాళ్ళింకా తినలేదు" అన్నాను.

"ఎవరు?"

మొత్తం చెప్పాను. కోసింది, కొరికింది, ఎత్తి చూపించింది, స్లాబు, ఫ్రిజ్జు, గుప్పిట్లో కాయ ఉన్న పిల్ల. చెప్తున్నంతసేపూ ఆమె కత్తిపీట మీద చెయ్యి ఆపి విన్నది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. ఆ ముక్కని నా నోటి దగ్గరనుంచి తీసి జాడీలో వేసింది.

"సంతెప్పుడు?" అని అడిగింది.